గోళ్లలో తెల్లమట్టి

అనక్లేతు ఇనుప డ్రమ్ములోకి వంగి చూడగానే లోపలున్న పేబా, అలుగు లాంటి పెంకు జంతువు, మొక్కజొన్న గింజలు నమలడం ఆపి ముక్కు పైకెత్తింది. దాని కళ్లు పేరుకే కళ్లు, దానికి లోకమంతా ముక్కుతోనే. మనిషి వాసన తగిలేసరికి కాళ్లు లోపలికి లాక్కుని, పెంకు అంచుని ఇనుప అడుగుకి ఆనించి, బోర్లించిన మూకుడులా అయిపోయింది. నడుం చుట్టూ ఆరు పెంకు పట్టీలు. వాటి సందుల్లోంచి ముసలాడి చెవిలో మొలిచినట్టు నాలుగు నాలుగు వెంట్రుకలు.

"ఏంది కొంపాద్రే, పెళ్లిచూపులకొచ్చినట్టు చూస్తన్నావు?" అన్నాడు వెనక నుంచి బెలార్మీను.

అనక్లేతు పెద్దకొడుక్కి జ్ఞానతండ్రి బెలార్మీను. అందుకని ఆ పిలుపు. పోయిన ఏడాది అనక్లేతు మేక బెలార్మీను చిక్కుడు చేలో పడి గొడవైనప్పటి నుంచి ఆ పిలుపు కూడా లేదు. మొన్ననే మళ్లీ మొదలైంది.

"బాగా కొవ్వు పట్టింది. యాడ దొరికింది?"

"ఏటి పక్క తుప్పల్లో. ఇరవై రోజులైంది. గింజలు, పెండలం తొక్కలు తప్ప ఇంకోటి పెడితే ఒట్టు. ఆదివారం నాటికి దాని కడుపు కడిగిన గిన్నె."

పేబాని పట్టిన రోజే కోసుకుతినే మొనగాడు ఆ ఊళ్లో ఎవడూ లేడు. వేళ్లూ పురుగులూ తినే జంతువే, కానీ దారిలో చచ్చిన మేక కనబడితే దాన్నీ వదలదు. సమాధుల్లోకి కూడా తవ్వుకుపోతుందని ముసలమ్మలు చెబుతారు. అందుకే కొన్నాళ్లు గింజలు మేపి శుభ్రం చేస్తారు. డ్రమ్ములో ఎందుకంటే, నేల మీద కట్టేస్తే చుట్ట కాల్చేలోపు బొరియ తవ్వి మాయమైపోతుంది కాబట్టి.

అనక్లేతు చెయ్యి పెట్టి దాన్ని వెల్లకిలా తిప్పాడు. అది కస్సున వేలు కొరకబోయింది. ఆ ఒక్క క్షణంలో ముందుకాళ్లు కనిపించాయి. గోళ్ల మొదళ్లలో ఎండి గట్టిపడ్డ మట్టి. తెల్లమట్టి.

ఏటి పక్కన ఉండేది నల్లమట్టి. ఊరంతా ఎర్రమట్టి. తెల్లమట్టి ఉన్నది ఒక్క గుట్ట మీదే. గుట్ట మీద ఉన్నది స్మశానం. రెండు నెలల కిందట తన తల్లి ఉంబెలీనాని అక్కడే పూడ్చిపెట్టాడు. రాతినేల, మోకాలి లోతుకి మించి గడ్డపార దిగలేదు.

బెలార్మీనుని నిలదీసే స్థితిలో లేడు. వానల్లేక అతని బావి ఉప్పుదేరింది, మేకలు రెండు ఇప్పటికే చచ్చాయి. ఊళ్లో తియ్యనీళ్లు ఊరేది బెలార్మీను బావి ఒక్కటే. బెలార్మీను పెట్టిన షరతు ఒక్కటే: ఆదివారం నలుగురిలో నా బల్ల దగ్గర కూర్చుని పేబా తిను, సోమవారం నుంచి నీ మేకలు నా బావి దగ్గర తాగుతాయి.

ఇంటికెళ్లి పెళ్లాం జసీరాకి చెప్పాడు. "మా అమ్మని తిన్నదాన్ని నాకు పెట్టాలని చూస్తన్నాడే వాడు. నలుగురి ముందూ."

"నీ బుర్రకి పురుగు పట్టింది. నీ మీద అంత కక్ష ఉన్నోడు నీళ్లెందుకిస్తాడయ్యా?"

"అదేనే నేనూ అడిగేది. ఎందుకిస్తన్నాడు?"

జసీరా తల కొట్టుకుంది. "దేవుడు వానిచ్చినా ఎందుకిచ్చావని నిలదీసే రకం నువ్వు."

శుక్రవారం మిట్టమధ్యాహ్నం పార భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. తల్లి శిలువకి అడుగు దూరంలో బొరియ ఉంది. పైన గుండ్రం, కింద సమతలం, ముందు చిమ్మిన తెల్లమట్టి కుప్ప. ఎవరూ చెప్పక్కర్లేదు, పేబాదే. అక్కడితో తిరిగొచ్చేస్తే కథ వేరేగా ఉండేది. అనుమానం ఉన్నవాడు సగంలో ఆగడు.

బొరియ వెంబడే తవ్వుతూ పోయాడు. మూరెడు లోపల శవపెట్టె పలక తగిలింది. మట్టి చేత్తో తుడిచాడు. పలక చెక్కుచెదరలేదు, తాను కొట్టిన మేకులు తాను కొట్టినట్టే ఉన్నాయి. బొరియ పలకని రాసుకుంటూ పక్కకి తిరిగి, అక్కడే ఉన్న ఉంబు పళ్ల చెట్టు వేళ్లలోకి పోయింది. అక్కడ కొరికి వదిలేసిన వేరుగడ్డలు, పేడపురుగు పిల్లల తొక్కలు. ముసలమ్మ జోలికే పోలేదది.

మట్టి తిరిగి కప్పడానికి పార అందుకున్నాడు. తల ఎత్తితే ఎదురుగా ఒతీలియా, బెలార్మీను పెళ్లాం. తండ్రి సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టడానికి వచ్చింది. అతని పార వంకా, బయటపడ్డ పలక వంకా చూసింది. అరిచి ఉంటే బాగుండేది, జవాబు చెప్పుకునేవాడు. ఏమీ అడగకుండా దిగి వెళ్లిపోయింది.

ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని బెలార్మీను ఇంటికి వెళ్లాడు. పందిరి కింద ఊరి మగవాళ్లంతా ఉన్నారు. బల్ల మీద చిక్కుడు గింజలు, పెండలం పిండి, చెరకు సారా. మాంసం వాసన లేదు. పేబా ఇంకా డ్రమ్ములోనే గోకుతోంది.

"వండలేదేం?" అన్నాడు.

"ఎట్టా వండమంటావు?" అంది ఒతీలియా. "నువ్వే మీ అమ్మని తవ్వి చూసుకున్నావు. అనుమానం లేకపోతే తవ్వుతావా? ఇంకెవరు తింటారు దీన్ని?"

"చూశాను కాబట్టే చెప్తున్నా. పలక ముట్టుకోలేదది. వేళ్లు తింది, పురుగులు తింది. అంతే."

"అంటే గుట్ట మీద తిరిగిందనేగా?" అన్నాడో ముసలాడు.

"గుట్ట మీద ఉన్నది మీ అమ్మ ఒక్కతే కాదు," అన్నాడు ఇంకొకడు. "మా అన్న కూడా ఉన్నాడు."

బెలార్మీను మొహం కందగడ్డలా ఉంది. "తుప్పల్లో పట్టాను. అది అంతకుముందు యాడ తిరిగిందో నాకేం తెలుసు? ఇరవై రోజులు పసిబిడ్డని సాకినట్టు సాకాను. ఇప్పుడు నేను శవాలు తిన్నదాన్ని ఊరికి పెట్టబోయినోణ్ణి! నిన్ను బల్ల దగ్గరికి పిలిచినందుకు భలే మర్యాద చేశావు కొంపాద్రే. ఇక నీళ్ల మాట మర్చిపో."

అనక్లేతు బయట కంచె దగ్గర నాలుకలు చాపి నిలబడ్డ మేకల్ని చూశాడు. వాటిని వెంట తోలుకొచ్చాడు, తిన్న వెంటనే తాగించాలని.

"నేను తింటా," అన్నాడు. "మీరెవరూ ముట్టుకోవద్దు. నేనే కోస్తా, నేనే కాలుస్తా, నేనే తింటా. శుభ్రమైందని నమ్మకం లేకపోతే ఎవడన్నా తింటాడా?"

తనే దాన్ని కోసి, ఉప్పూ కొత్తిమీరా పట్టించి, దాని పెంకులోనే నిప్పుల మీద పెట్టాడు. కొవ్వు చిటపటలాడింది. నిజానికి బ్రహ్మాండమైన వాసన. బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని, మిగతావాళ్లు చూస్తుండగా, పెంకు అడుగు దాకా తిన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. "సొంత తల్లినే..." అని ఎవరో గొణిగారు. మిగతాది గొణగక్కర్లేకపోయింది.

"తిన్నావు. మాట మాటే," అన్నాడు బెలార్మీను, అతని వంక చూడకుండా. "మేకల్ని తోలు. కానీ నా చేద మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. జసీరాని పంపు."

జసీరా నీళ్లు తోడుతుంటే అనక్లేతు కంచె ఇవతల నిలబడ్డాడు. మేకలు మూతులు ఎత్తకుండా తాగుతున్నాయి. వేళ్లకి అంటిన కొవ్వుని పంట్లానికి తుడుచుకుంటూ అతను ఒకటే ఆలోచిస్తున్నాడు: శుక్రవారం మిట్టమధ్యాహ్నం, అంత ఎండలో, ఆడది గుట్ట ఎక్కి కొవ్వొత్తి పెడుతుందా? పంపింది ఎవరు?