పదకొండుమంది ఇంట్లోవాళ్ళు

“రేపు తప్పకుండా రండి. ఎనిమిదిమందేగా! ఆ సంగతంతా మా ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు,” అని భర్త ఫోనులో ఎవరికో హామీ ఇస్తుంటే, ఆ ఇంట్లోవాళ్ళుగారు మాడిపోయిన పాలగిన్నె అడుగు గోకుతోంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో బయటివాళ్ళ ముందు ఆయన నోట ఆమె పేరు వచ్చిన పాపాన పోలేదు. గౌరవమట. నిజమే మరి, పదిమంది చాకిరీ ఒక్కతే చేస్తుంటే బహువచనం కాక ఇంకేం వాడతారు! “ఆఫీసులో కుర్చీలో కూర్చునే పనేగా, ఒళ్ళు హూనమయ్యేదేముంది?” అని ముందుగదిలోంచి అత్తగారు. దానికి జవాబు ఆమె దగ్గర చాలా ఏళ్ళుగా ఉంది, చెప్పే తీరికే లేదు. గిన్నె బోర్లించి, చీర మార్చుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

కుర్చీలో కూర్చునే ఆ పని ఒక ఫోన్ల కంపెనీలో. జనం పాత ఫోన్లు తెచ్చి కంపెనీ దుకాణాల్లోని పచ్చ పెట్టెల్లో పడేస్తారు. అవి ఎక్కడికి పోతున్నాయి, ఎవరు విప్పుతున్నారు, ఎవరికీ హాని లేకుండా విప్పుతున్నారా అని చూసొచ్చి, ఏటా వేసే ‘మన బాధ్యత’ నివేదికలో రాయాలి. ఆఫీసులో ఆమెను పచ్చ మేడమ్ అంటారు. రాసేదంతా పచ్చ మేడమే. నున్నటి కాగితం మీద అచ్చయ్యాక మొదటి పేజీలో నవ్వే ఫొటో మాత్రం పెద్దసారుది. నాలుగేళ్ళ క్రితం ప్రమోషన్ అడిగితే, “మనమంతా ఒక కుటుంబం కదమ్మా, కుటుంబంలో ఇవన్నీ అడుగుతారా?” అన్నాడు. ఆమె సిగ్గుపడి బయటికొచ్చేసింది. ఎందుకు సిగ్గుపడిందో తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఈసారి తంటా ఒక్క గడి దగ్గర వచ్చింది. ఫోన్లు విప్పే కాంట్రాక్టరు తన పత్రంలో ‘కార్మికుల సంఖ్య: నాలుగు’ అని, కింద నాలుగు పేర్లు రాసిచ్చాడు. లారీల కొద్దీ వచ్చే ఫోన్లను నలుగురు ఎలా విప్పుతారని అనుమానమొచ్చి, పోయినవారం చెప్పాపెట్టకుండా వెళ్ళింది. షెడ్డులో నలుగురు మగవాళ్ళు, నాలుగు జతల కొత్త చేతితొడుగులు. అంతా పద్ధతిగానే ఉంది. తిరిగొస్తుంటే వెనక ఇళ్ళ వరసలోంచి ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పుమంది. ఒక వంటింట్లో కాంట్రాక్టరు భార్య పాత పెనం మీద ఫోను లోపలి పలకలు కాలుస్తోంది. టంకం కరగగానే పట్టకారుతో ఒక్కో ముక్కా పీకి డబ్బాలో వేస్తోంది. వేళ్ళ కొసలు నల్లగా గట్టిపడి ఉన్నాయి. మాటమాటకీ దగ్గు. పక్క పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆ వరసంతా తిరిగి చూస్తే అలాంటివాళ్ళు పదకొండుమంది తేలారు. కాంట్రాక్టరు భార్య, ఆమె తోడికోడళ్ళు, ఆడపడుచులు, షెడ్డులో నలుగురి భార్యలు.

“వీళ్ళ పేర్లు రాయలేదేం?” అని కాంట్రాక్టరును అడిగింది.

“వీళ్ళు పనివాళ్ళు కాదండీ,” అన్నాడతను, ఆ మాత్రం తెలీదా అన్నట్టు నవ్వుతూ. “ఇంట్లోవాళ్ళు.”

ఆమెకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. పత్రంలో పేరున్న ప్రతివాళ్ళకీ చేతితొడుగులు, మాస్కు, ఆరునెలలకోసారి ఊపిరితిత్తుల పరీక్ష ఇవ్వాలన్నది కంపెనీ రాసుకున్న నియమమే. దాన్ని కంప్యూటర్లో కొట్టింది కూడా ఆమే. పేరు లేదు కాబట్టి ఆ దగ్గు ఎవరికీ వినపడదు. ఇంటికొచ్చాక ఆ రాత్రి వండుతుంటే తన దగ్గే తనకు వినిపించింది.

ఇవాళ శనివారం, ఆఫీసుకు రాగానే పెద్దసారు పిలిచాడు. “నాలుగుని పదిహేను చేశావేంటి? నివేదికకి రావాల్సిన అవార్డు పోతుంది. పైగా ఇళ్ళలో పని చేయిస్తున్నాడని కాంట్రాక్టు రద్దు చెయ్యాల్సొస్తుంది. ఆ ఆడవాళ్ళ నోటి దగ్గర కూడు లాగేస్తావా? అంత పట్టుదలైతే పదకొండుమందితో సంతకాలు పెట్టించుకురా. సోమవారం పొద్దున్నే అచ్చుకి పోవాలి.”

కుదరదని తెలిసే అన్నాడు. కానీ కూడు మాట మాత్రం ఆమె గుండెలో దిగబడింది. నిజంగా పని పోతే? తన కోపం తీర్చుకోవడానికి పదకొండు పొయ్యిలు ఆర్పేస్తుందా? అలా అని నాలుగు అని రాసి సంతకం పెడితే, ఆ కాంట్రాక్టరుకీ తనకీ తేడా ఏమిటి? అడగాల్సింది వాళ్ళనే కదా, పెద్దసారునీ కాదు, తన మనసునీ కాదు. ఆదివారం పొద్దున్నే చెప్పులు వేసుకుంది.

“ఎనిమిదిమంది వస్తుంటే ఎక్కడికి?” అన్నాడు భర్త.

“పనికి.”

“ఆదివారం పనేంటి?”

“ఇంట్లోవాళ్ళకి ఆదివారమేంటి?”

ఆయనకు అర్థం కాలేదు. “మరి వంట?” అన్నాడు, ఇల్లు కాలిపోతోందన్నంత కంగారుగా. అత్తగారు చోద్యం అన్నట్టు బుగ్గన వేలు పెట్టుకుంది. ఆమె గుమ్మం దిగిపోయింది.

కాంట్రాక్టరు ఇంట్లో పదకొండుమందినీ కూర్చోబెట్టి ఏదీ దాచకుండా చెప్పింది. రాస్తే ఏం రావాలో, రాస్తే ఏం పోవచ్చో. కాంట్రాక్టరు భార్య దగ్గు ఆపుకుని, “రద్దయితే ఇంకొకడి దగ్గర ఫోన్ల మూటలు తెచ్చుకుంటాం. ఫోన్లు చావడం మానతాయా ఏంటి? రాయండమ్మా,” అంది.

“నీకేం తెలుసే!” అని కాంట్రాక్టరు మీదికొచ్చాడు. “వీళ్ళు ఇంట్లోవాళ్ళని చెప్పానా మేడమ్!”

“ఇంట్లోవాళ్ళమేలే. అయితే ఆ మూటలు నువ్వే కాల్చుకో. ఇంట్లోవాళ్ళం కదా, ఇంటిపని చేసుకుంటాం,” అందామె. మిగతా పదిమందీ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అతను విసురుగా వరండాలోకి పోయాడు.

పచ్చ మేడమ్ నేలమీదే కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి పేర్లు రాసింది. పత్రంలో ‘పనిచేసే చోటు’ కింద షెడ్డు, గిడ్డంగి, కార్యాలయం అని మూడే అచ్చేసి ఉన్నాయి. మూడూ కొట్టేసి పక్కన ఇంకో మాట రాసింది. కొందరు సంతకం పెట్టారు, కొందరు వేలిముద్ర వేశారు. కాలీ కాలీ కొన్ని వేళ్ళ గీతలు చెరిగిపోయాయి, రెండు మూడుసార్లు అద్దితే గాని ముద్ర పడలేదు. సంచీలో ఫోను మోగుతూనే ఉంది. తీసి ఆపేసింది. అందరికన్నా కింద తన పూర్తి పేరు రాసి సంతకం చేసింది.

“నాకు చదువు రాదు,” అంది కాంట్రాక్టరు భార్య. “నన్ను ఏమని రాశారు?”

పచ్చ మేడమ్ వేలు పెట్టి చదివింది. పేరు. ఉద్యోగం, కార్మికురాలు. పనిచేసే చోటు, వంటిల్లు.

“ఇంకోసారి చదవండమ్మా,” అందామె. “కాస్త గట్టిగా. ఆయన వరండాలోనే ఉన్నాడు.”