తెర వెనక నుంచి గుర్రం

రిటైరైన మొగుళ్లు కొందరు పేపరు చదువుతారు, కొందరు చర్చి కమిటీలో దెబ్బలాడతారు. ప్రమీలారాణి మొగుడు యేసుపాదం మాత్రం ఒక గుర్రాన్ని తెచ్చి పెరట్లో కట్టేశాడు. పెనం మీద అట్టు తిరగెయ్యడం రాని మనిషి గుర్రాన్ని సాకుతాడట! వాళ్లుండే కిరండూల్‌లో బరాత్‌లకు, అంటే పెళ్లికొడుకు ఊరేగింపులకు, గుర్రం తిప్పే మంగల్ ఆ పని మానుకుంటే, అతని తెల్ల ఆడగుర్రం చాందినిని ఈయన ఇంటికి తోలుకొచ్చాడు. ప్రమీలారాణి కొత్తిమీర మడి ఆ రోజే గుర్రం నోట్లో మాయమైంది. ఆమె ఏమీ అనలేదు. అనకుండా ఎలా అనాలో ఆమెకు తెలుసు.

ఆ వారం చాందిని దాణా సగం వదిలేసింది.

"దానికెక్కడో నొప్పిగా ఉందండీ."

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఊరేగింపనేసరికి దానికి నాటకాలు. శనివారం పాల్ గారబ్బాయి బరాత్. మాటిచ్చీసినాను."

యేసుపాదం రైల్వేలో వ్యాగన్లు పరీక్షించేవాడు. ఇనుప ఖనిజం బండి యార్డులో ఆగగానే ఇరుసుల దగ్గర చెయ్యి పెట్టి, వేడెక్కినదాన్ని పట్టేసేవాడు. అదే చెయ్యి చాందిని మెడ మీదా పొట్ట మీదా వేసి, "చల్లగుంది. ఫిట్!" అని తేల్చేశాడు. ఆయన ఎదురుగా వెళితే గుర్రం కూడా చెవులు నిక్కించి నిటారుగా నిలబడేది.

ఆయన గేటు దాటాక ఏమవుతుందో ప్రమీలారాణి వంటింటి కిటికీలోంచి చూసేది. ఇంట్లో కుంటుతూ, చర్చికి మాత్రం తిన్నగా నడిచే మోకాళ్ల నొప్పి మనిషితో కాపురం చేస్తున్న ఆమెకు అలా చాటుగా కనిపెట్టడం బాగా అలవాటు.

శుక్రవారం పొద్దున ఆయన్ని పిలిచి, కిటికీ తెర వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి వెల్లుల్లి ఇచ్చింది.

"కదలకండి. మీరున్నట్టు దానికి తెలియకూడదు."

"ఏటే, నేనేటి దొంగనా?"

"అంత పనిమంతులు కారు లెండి. ఒలవండి."

కాసేపటికి చాందిని తల వాలింది. చెవులు చెరో పక్కకి వాలి వెనక్కి పడ్డాయి. కంటి పైన చర్మం ముడతపడి బిగుసుకుంది, ముక్కుపుటాలు కూడా. ఎడమ ముందుకాలు చాచి, గిట్ట కొసని మాత్రమే నేలకు ఆనించింది.

వెల్లుల్లి రెబ్బ ఆయన వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"ఎప్పట్నించే ఇలాగ?"

"మీరు ఫిట్ అన్నప్పట్నించీ."

ఆయన పెరట్లోకి వెళ్లి ఎడమ గిట్ట పట్టుకున్నాడు. కుడిదీ తాకి చూసి మళ్లీ ఎడమదానికొచ్చాడు. ఇంత వేడి ఏ వ్యాగన్‌లోనైనా తగిలితే ఆయన బండిని కదలనిచ్చేవాడు కాదు.

పశువుల డాక్టరు వచ్చి గిట్ట అడుగున కొంచెం చెక్కితే నల్లటి చీము కారింది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, గోరువెచ్చని ఉప్పునీళ్లలో గిట్టను నానబెట్టి కట్టు కట్టమన్నాడు. బరాత్ మాటే ఎత్తొద్దన్నాడు. యేసుపాదం పాల్‌కి ఫోన్ చేసి, గుర్రానికి జలుబు చేసిందని చెప్పాడు.

సాయంత్రం యేసుపాదం, ప్రమీలారాణి బట్టలుతికే టబ్బులో గిట్ట నానబెట్టి, నొప్పి మోకాలు మడుచుకుని దాని పక్కనే కూర్చున్నాడు. చాందిని దాణా మొత్తం తింది. ఆయన గేటు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఎవరూ లేరు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు గుర్రంతో, మెల్లగా.

తెర కదిలింది. "కుక్కరు మోతలో వినబళ్లేదండీ!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. గుర్రం ఉలిక్కిపడలేదు.

"తప్పు నాదేనే, రాణీ!"