ఇస్త్రీ డైరీ

ఈత కోచ్‌కి పొద్దున్నే వంటింట్లో కూర్చుని డైరీ రాసుకునే అలవాటు. రాసేదంతా కోపమే కాబట్టి, మూసేసరికి డైరీ కాలిపోతూ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ముందు అత్తగారు దాన్ని గుడ్డలో చుట్టి మోకాళ్లకు కాపడం పెట్టుకునేది. తర్వాత భర్త దానితో చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

"రోజూ రాయమ్మా, మనసు తేలికవుతుంది," అనేది అత్తగారు కాళ్లు చాపుకుంటూ.

"కరెంటు బిల్లు కూడా," అనేవాడు భర్త.

రాయడానికి కొదవేముంది? పిల్లలకు నీళ్లంటే భయం పోగొట్టి, పోటీలకు తయారుచేసేది తను. కప్పు పట్టుకుని ఫోటోల్లో నిలబడేది ఈత కొలను మేనేజరుగారి బావమరిది. నీళ్లు చిందితే చాలు, కుర్చీ వెనక్కి జరుపుకునే మనిషి!

ఆమధ్య పిల్లలు పెద్ద పోటీ గెలిచారు. మర్నాడే కొలను గోడ మీద అతని నిలువెత్తు ఫోటో వెలిసింది, కింద 'మా ముఖ్య కోచ్' అని. ఆ సంగతి ఆమె ఎంత కసిగా రాసిందంటే, భర్త డైరీ ఆనించీ ఆనించగానే చొక్కా వీపు మాడిపోయింది.

"కొత్త చొక్కా! కాస్త చూసుకుని రాయకూడదూ? అంత మంట ఏం రాశావు?"

ఆమె డైరీ లాక్కుంది. ఇన్నాళ్లూ రాయడమే గాని, వెనక్కి తిప్పి చదివింది లేదు. గుడ్డతో పట్టుకుని పేజీలు తిప్పింది. అన్నిట్లోనూ బావమరిదికీ మేనేజరుకీ తిట్లే. ప్రతి పేజీ చివరా ఒకటే మాట: 'నేనేమీ అనలేదు.'

ఒళ్లు భగ్గుమంది, ఈసారి తన మీదే. "ఛీ! ఇంత కోపాన్నీ చొక్కాలకి తగలేశానా!"

తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. "పిల్లలకు నేర్పింది నేను. ఆ ఫోటో తీయించండి."

మేనేజరు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "ఇన్నాళ్లూ నోరు మెదపలేదు కదమ్మా. మీకు అభ్యంతరం లేదనుకున్నాం."

"ఎవరడిగారు గనక? సరే, ఇవాళ మీ బావమరిదిగారినే నేర్పమనండి. నేను గట్టు మీద కూర్చుంటాను."

కొలను చుట్టూ పిల్లల తల్లిదండ్రులంతా చూస్తున్నారు. బావమరిది మెట్ల దాకా వచ్చి, ఒక పాదం నీళ్లలో ముంచి, ఠక్కున తీసేసుకున్నాడు. "కాస్త జలుబుగా ఉంది," అన్నాడు.

నీళ్లలోంచి ఓ చిన్నపిల్ల చెయ్యి చాపింది. "భయపడకండి అంకుల్, మా మేడం ఉన్నారుగా, పట్టుకుంటారు."

సాయంత్రానికల్లా ఫోటో దిగిపోయింది. ఆ వారమే మేనేజరు ఆమెను ముఖ్య కోచ్‌గా వేస్తూ, "ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు.

"లేదు," అంది ఆమె, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "పాత కప్పుల సంగతి మాట్లాడదాం."