కట్టె కత్తి

కళ గల్ఫ్‌లో, అవాలి అనే ఊళ్ళో ఒక ఇంట్లో వంటకీ ఇంటిపనికీ కుదిరి చాలా ఏళ్ళయింది. కోరుట్ల దగ్గరి పల్లె ఆమెది. భర్త పోయాక పసిబిడ్డను అక్క నాగవ్వ ఒళ్ళో పెట్టి విమానమెక్కింది. రెండు మూడు ఇళ్ళు మారి చివరికి ఈ జపాన్ దంపతుల దగ్గర నిలిచింది. ఇంటాయన ఇంజనీరు, పొద్దున్నే వెళ్ళి పొద్దుపోయాక వచ్చేవాడు. ఆయన భార్య సుమియే మేడం అరవై దాటిన సన్నటి మనిషి. గట్టిగా మాట్లాడేది కాదు, చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడిచేది. ఆమెకీ కళకీ మధ్య నడిచే భాష ఒక అతుకుల బొంత. ఇంగ్లీషు ముక్కలు, హిందీ మాటలు, పని అయిపోతే అరబ్బీ ‘ఖలాస్’. ఆ బొంతతోనే ఇన్నేళ్ళూ ఇల్లు నడిచింది.

సుమియే మేడంకు చిన్నప్పటి నుంచి ఒక విద్య ఉంది. మనిషికంటే పొడవైన కర్ర, దాని కొసన కొడవలిలా వంగిన అలుగు. దాన్ని నాగినాత అంటారట. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు తరతరాలుగా నేర్చుకునే యుద్ధవిద్య. సాధనకి వాడేది మొత్తం చెక్కదే. ప్రతి శుక్రవారం ఇంకో జపాన్ ఆవిడ వచ్చి కట్టె కత్తితో మీదికి వచ్చేది, మేడం నాగినాతతో కాచుకునేది. ఇద్దరూ వెనక వరండా ముందు ఎండిన గడ్డి మీద సాధన చేస్తుంటే, కళ చాయ్ తెచ్చి మెట్ల మీద కూర్చుని చూసేది.

ఆ చలికాలం అవాలి మైదానంలో పెద్ద సాంస్కృతిక ఉత్సవం పెట్టారు. ఒక్కో దేశం వాళ్ళకి ఒక్కో గుడారం, నడుమ వేదిక. జపాన్ వాళ్ళ యుద్ధవిద్యల ప్రదర్శనలో మేడం పేరు కూడా వేశారు. సరిగ్గా అప్పుడే ఆ రెండో ఆవిడ భర్తకి బదిలీ వచ్చి, ఇద్దరూ సామాన్ సర్దుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు సుమియే మేడం వంటింట్లోకి వచ్చి, కూరగాయలు తరుగుతున్న కళ ముందు కట్టె కత్తి పెట్టింది.

“నువ్వు ప్రతి వారం చూశావు. నీకు వరస తెలుసు. నాతో నిలబడతావా?”

కళ నవ్వేసింది. మేడం నవ్వలేదు. “వద్దంటే పర్వాలేదు. పేరు తీయించేస్తాను,” అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూసి కళకి వద్దనబుద్ధి కాలేదు.

వరస నిజంగానే పెద్ద కష్టంగా లేదు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒకరికొకరు వంగాలి. లేచి ఎదురెదురుగా నిలబడాలి. కళ రెండు చేతులతో కత్తి ఎత్తి మేడం నెత్తిని చూసి కొట్టాలి. మేడం పక్కకి జరిగి, నాగినాతతో ఆ కత్తిని కొట్టేసి, అలుగును కళ గొంతు దగ్గరకి తెచ్చి ఆపుతుంది. అలాగే ఇంకొన్ని. అడుగులు కళకి త్వరగానే పట్టుబడ్డాయి. పట్టుబడనిది దెబ్బ ఒక్కటే.

కత్తి పైకి లేచేది. కిందికి వచ్చేసరికి మేడం నెత్తిన పూలు చల్లుతున్నట్టు దిగేది.

“నిజంగా కొట్టు,” అనేది మేడం. “నువ్వు నిజంగా కొడితేనే నేను నిజంగా తప్పుకుంటాను. లేకపోతే ఇద్దరం నాటకం ఆడినట్టు ఉంటుంది.”

ఇంటి కారు నడిపే ఫరీద్‌ది నిజామాబాద్. కారు కడిగే వంకతో గోడ పక్క నిలబడి చూస్తుండేవాడు. మేడం లోపలికి వెళ్ళాక కళను పలకరించాడు.

“అక్కా, నువ్వు కొడ్తున్నవా, దుమ్ము దులుపుతున్నవా?”

“నీకేంది తమ్మీ, నవ్వుతవు. పొద్దుగాల లేస్తే ఆమె ముందల నిలబడి ఏం వండాలె మేడం అని అడగాలె నేను. గసొంటి మనిషి నెత్తి మీద కట్టె ఎట్ల ఏస్త?”

“కొట్టుమన్నది ఆమెనే గదా?”

“అంటది. చెయ్యి రావద్దా మరి?”

కత్తి దించేటప్పుడు అరవమని కూడా చెప్పింది మేడం. కడుపులోంచి రావాలంది. ఆ ఇంట్లో కళ ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడింది లేదు. ఫోన్లో బిడ్డతో మాట్లాడినా గుసగుసే. ఏమని అరవాలో తోచలేదు. చివరికి చిన్నప్పుడు మక్క చేన్లో అక్కతో కలిసి చిలకలను తోలిన కేక గుర్తొచ్చింది. మంచె మీద ఇద్దరూ నిలబడి ‘హోయ్’ అని అరిస్తే పక్క చేన్లోని చిలకలు కూడా లేచిపోయేవి. నాగవ్వ గొంతు ఊరంతటికీ పెద్దది.

“హోయ్,” అంది కళ, సగం గొంతుతో.

“మంచి అరుపు. ఇంకా పెద్దగా,” అంది మేడం సంతోషంగా.

కళ రెండోసారి అరవలేదు. నీళ్ళు తాగి వస్తానని లోపలికి వెళ్ళింది.

నాగవ్వ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆమె పోయిన రోజు సార్ ఇంటికి జపాన్ నుంచి పెద్ద అతిథులు వస్తున్నారు. కళ చేపలు శుభ్రం చేస్తుండగా బిడ్డ ఉమారాణి ఫోన్ చేసింది. “అమ్మా, పెద్దమ్మ లేదే,” అని ఒక్క మాట చెప్పి ఏడుపందుకుంది. కళ చేతులు కడుక్కోకుండానే మేడం దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. మేడం ఆమె భుజం పట్టుకుంది, కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకుంది. ఆ తర్వాత బల్ల మీద పరిచిన పళ్ళాల వైపు చూసి, అరచెయ్యి కొంచెం ఎత్తి, “రెండు రోజులు, కళా. వెయిట్,” అంది. “వాళ్ళు వెళ్ళగానే టికెట్ తీయిస్తాను.”

“పర్వాలేదు మేడం,” అంది కళ.

అక్క చితిని ఫోన్లో చూసింది, వంటింటి గట్టుకి ఆనుకుని, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా. రెండు రోజుల తర్వాత మేడం టికెట్ సంగతి అడిగితే, “ఇప్పుడు పోయి ఏం చూడాలె,” అని వద్దంది. ఆ మాట మళ్ళీ ఇద్దరి మధ్యా రాలేదు. మేడం మంచి మనిషేనని కళకి తెలుసు. తనకి జ్వరం వస్తే మేడమే గంజి కాచి పెట్టింది. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకలేదు. తనకి కోపం ఉందన్న సంగతి ఆమెకే తెలియదు.

ఉత్సవం ఇక వారంలో పడిందనగా, ఒక సాయంత్రం మళ్ళీ గడ్డి మీద ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ రోజు కళ గొంతు కాస్త తెరుచుకుంది. కత్తి ఎత్తి “హోయ్” అని అడుగు వేసింది. అదే సమయంలో మేడంకు తన పాదం సరిగ్గా లేదని తోచినట్టుంది. నాగినాతను ఒక చేతిలోకి తీసుకుని, రెండో అరచెయ్యి ఎత్తి, “కళా, వెయిట్,” అంది.

కళ ఆ చెయ్యి చూసింది. ఆ మాట విన్నది. కత్తి ఆగలేదు.

ఎత్తి ఉన్న చేతి మీద, మణికట్టుకి కాస్త కింద, దెబ్బ పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. మేడం అరవలేదు, చెయ్యి పొట్టకి అదుముకుని గడ్డి మీద కూర్చుండిపోయింది.

కళ కత్తి పారేసి లోపలికి పరిగెత్తి మంచు తెచ్చింది. ఫరీద్ కారు తీశాడు. ఆస్పత్రిలో ఎముక విరగలేదని చెప్పి, కట్టు కట్టి పంపారు. దారి పొడుగునా కళ “సారీ మేడం” తప్ప ఇంకో మాట అనలేదు. మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికి రాగానే కళ తన గదిలోకి వెళ్ళి మంచం కింది సూట్‌కేస్ బయటికి లాగింది. ఫరీద్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“అక్కా, పంపించేస్తరని ఎవరన్నరు?”

“ఎవరనాలె? యజమానురాలిని కొట్టిన. ఆమె ఆగుమన్నది. ఇనబడ్డది నాకు. ఇనబడ్డంక కొట్టిన.”

వెనక అలికిడి విని ఫరీద్ తప్పుకున్నాడు. మేడం లోపలికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. కుర్చీ లేకపోవడంతో నేల మీదే మోకాళ్ళు మడిచి కూర్చుంది. కళ కూడా ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఆ దెబ్బ ఈ చేతికి కాదు,” అంది మేడం. “దేనికి?”

కళ సూట్‌కేస్‌లో బట్టల మడతలు సరిచేసింది. “నాకు ఎవరి మీద కోపం లేదు మేడం,” అనబోయింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“మా అక్క,” అంది. “మీరు గట్లనే చెయ్యెత్తి ఆగుమన్నరు. నేను ఆగిన. అక్క ఆగలే.”

మేడం కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది.

“నువ్వు పర్వాలేదన్నావు. నేను నమ్మాను. నమ్మడం నాకు సులువుగా ఉంది కాబట్టి నమ్మాను. ఆ రోజు భోజనం నాకు గుర్తు కూడా లేదు, కళా. వచ్చిన వాళ్ళ పేర్లు గుర్తు లేవు. వాళ్ళ కోసం నిన్ను ఆపాను.”

ఆమె నుదురు నేలకి తాకేలా వంగింది. కళ కంగారుపడి లేవదీయబోయింది. మేడం లేవలేదు. ఇంతకుముందైతే కళ వెంటనే ‘పర్వాలేదు’ అనేసేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అనలేదు. గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మేడం లేచి కూర్చుని ఆ ఏడుపు ఆగేదాకా కదల్లేదు.

వెళ్ళేముందు, “ప్రదర్శనకి నువ్వు రానక్కర్లేదు. ఇక ఆ కత్తి నీ చేతికి ఇవ్వను,” అంది.

కళ ఆలోచించింది. మర్నాడు ఇల్లు ఊడుస్తూ, బట్టలు ఆరేస్తూ కూడా ఆలోచించింది. సాయంత్రం తనే వెళ్ళి వరండా మూల నుంచి కట్టె కత్తి తీసుకుని గడ్డి మీదికి వచ్చింది.

“మీ చేతితోని అయితదా మేడం?”

“మెల్లగా అవుతుంది.”

“అయితే రాండ్రి. ఈసారి ఆగుమంటే ఆగుత.”

ఉత్సవం నాడు మైదానం కిక్కిరిసింది. ఒక పక్క ఫిలిప్పీన్స్ పిల్లల నాట్యం, ఇంకో పక్క కేరళ చెండ వాద్యాలు, గాలి నిండా కబాబుల పొగ. తుబ్లీలోని కూలీల క్యాంపు నుంచి కూడా ఒక బస్సు నిండా మనవాళ్ళు వచ్చారు. వేదిక మీద కరాటే పిల్లలు పలకలు విరగ్గొట్టారు, జూడో వాళ్ళు ఒకరినొకరు ఎత్తి చాప మీద వేశారు. ఆ తర్వాత సుమియే మేడం, కళ.

ఇద్దరూ తెల్లటి పైబట్ట, కుచ్చిళ్ళు పెట్టిన నల్లటి వెడల్పు లంగాలాంటిది కట్టారు. మేడం చేతి కట్టు పొడుగు చేతుల కింద కనబడలేదు. కిందినుంచి ఎవరో గుర్తుపట్టారు.

“ఓ గణపతీ, గామె మన కోరుట్ల దిక్కు కళక్క గాదు?”

“అవును రా. ఆమె గక్కడెందుకున్నది?”

కళకి ఆ మాటలు వినిపించాయి. మోకాళ్ళ మీద కూర్చుని వంగినప్పుడు ఎదురుగా మేడం కూడా అంతే వంగింది, అంతే ఆలస్యంగా తల ఎత్తింది. లేచి నిలబడ్డారు.

కళ కత్తి ఎత్తింది. మంచె మీద నిలబడ్డప్పటి గొంతు అడుగునుంచి తన్నుకొచ్చింది. “హోయ్” అన్న కేకకి మైదానంలో ముచ్చట్లు ఆగిపోయాయి. కత్తి మేడం నడినెత్తికి సూటిగా దిగింది. అందులో కోపం లేదు, దయ కూడా లేదు. మేడం ఒక్క అడుగు పక్కకి జరిగింది. నాగినాత గాలిలో తిరిగి కత్తిని టపీమని కొట్టి, అలుగు వచ్చి కళ గొంతుకి జానెడు దూరంలో నిలిచింది. కళ కళ్ళు మూసుకోలేదు. నాగినాత అవతల మేడం కళ్ళు కూడా ఆమెనే చూస్తున్నాయి. చేతి నొప్పికి పెదవి బిగించి ఉంది.

మిగతా వరసంతా అలాగే నడిచింది. ఒక్కచోట కళ అడుగు తప్పింది. మేడం ఆమె సర్దుకునేదాకా ఆగింది. చూసేవాళ్ళకి అది కూడా ఆటలో భాగమే అనిపించింది. చివర చప్పట్లు మోగాయి, తుబ్లీ బస్సువాళ్ళవి అన్నిటికంటే గట్టిగా.

కారు దగ్గరికి నడుస్తుండగా కళ చెప్పింది. “మేడం, వచ్చే నెల మా అక్కది ఏడాది పెడ్తున్నరు. నేను ఊరికి పోవాలె.”

పోవచ్చా అని అడగలేదు. మేడం నడక ఆపింది. “వచ్చే నెల మళ్ళీ వాళ్ళే వస్తున్నారు, సార్ అతిథులు,” అని తనలో తను అనుకున్నట్టు అంది. ఫరీద్ తలుపు తెరిచి పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“వంట నేను చేస్తాను,” అంది మేడం. “నా వంట వాళ్ళకి నచ్చదు. తింటారు.”

కళకి నవ్వొచ్చింది. మేడం కూడా నవ్వింది.

ఊళ్ళో నాగవ్వ ఇంటికి కళ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఉమారాణి వాకిట్లోకి ఎదురొచ్చి, కాళ్ళకి నీళ్ళిచ్చి లోపలికి తీసుకెళ్ళింది. గోడకి దండ వేసిన ఫోటో చూపించింది. పెద్దమ్మ చివరిరోజు ఏం తిన్నదో, ఎవరిని తలచుకున్నదో చెప్పుకొచ్చింది.

“నిన్ను అడిగిందమ్మా. గల్ఫ్‌ల ఉన్నది, వస్తది అని చెప్పినం.”

“వచ్చిన,” అంది కళ ఫోటో వైపు చూసి. అక్క కూర్చునే పీట లాక్కుని దాని ముందు కూర్చుంది.