అద్దెవాడు లేవగానే

మా ఇంట్లో పాటలు పోయింది ఒక ఆదివారం మధ్యాహ్నం. పోయాయని అప్పుడు మాకు తెలియదు.

నేను ముందుగదిలో కూర్చుని ఎనిమిదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. వీధి గుమ్మం పక్కన, చెప్పుల అర పైన, నా భార్య అమర్చిన నల్లపెట్టె పొద్దుటి నుంచి ఆగి ఆగి కూస్తోంది. ఆమె ఉన్నన్నాళ్లూ అది కూయలేదు. ఆమె పోయిన నెల రోజులకు మొదలుపెట్టింది. దాని నోరు మూయించడం నాకు చేతకాక మా బావమరిదిని పిలిచాను. అతను ఒక ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రాలకు తగిలించిన కంప్యూటర్లు చూస్తాడు. వాళ్లక్క అతన్ని తొందరోడు అనేది. ఆ పేరు మా పెళ్లినాటికే ఉంది, నేను పెట్టింది కాదు.

తొందరోడు చెప్పుల అర ముందు పీట వేసుకుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"పెట్టె నిండిపోయింది బావా. కడుపు పట్టక అరుస్తోంది."

"ఏం చేయాలి?"

"కొన్ని తీసేయాలి. ఇక్కడ పాత అని ఒక ఫోల్డరుంది. తీసేయనా?"

నా చేతిలో ఒక పిల్లవాడి కాగితం ఉంది. వాడు వరసగా మూడు పేజీలు ఒత్తులు లేకుండా రాశాడు.

"పాతవైతే తీసెయ్యి," అన్నాను.

"చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేస్తున్నా. లేదంటే మళ్లీ వచ్చే ఆదివారం నన్నే పిలుస్తావు."

"పిలిస్తే ఏం, కాఫీ ఇస్తున్నాం కదా."

"ఆ కాఫీ పెట్టింది నేను బావా."

అది నిజమే. ఇస్తున్నాం అనడం కూడా అలవాటులో వచ్చిన మాట. నేను కాగితం తిప్పాను.

కాసేపటికి మళ్లీ పిలిచాడు. "ఈ అద్దెవాడు సగం ఇల్లు ఆక్రమించుకున్నాడు. ఖాళీ చేయించేద్దామా?"

"వాణ్ని ముట్టుకోకు. మీ అక్క పెట్టింది."

"పోనీ పడుకోబెడతాను. లేచి ఉంటే రోజూ ఏదో ఒకటి తెచ్చి లోపల కుక్కుతూనే ఉంటాడు."

కూత ఆగింది. తొందరోడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను మిగిలిన పత్రాలు దిద్దాను.

అద్దెవాడంటే మనిషి కాదు. నా భార్య టైర్ల కంపెనీలో సర్వర్లు చూసేది. ఇంట్లో ఫొటోలు, కాగితాలు అన్నీ ఒకచోట ఉండాలని నాలుగు డిస్కుల పెట్టె ఒకటి తెచ్చింది. దాని లోపల మళ్లీ ఒక కంప్యూటరును నడిపేది. దానికి ఒళ్లు లేదు, తెర లేదు. వర్చువల్ మెషిన్ అంటారట. నాకు అర్థం కాలేదంటే ఆమె నా పద్ధతిలో, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"ఈ పెట్టె మన ఇల్లు అనుకోండి మాస్టారూ. అందులో ఒక గది అద్దెకిచ్చాను. అద్దెవాడి పొయ్యి వాడిది, తాళం వాడిది. గోడలు మాత్రం మనవే. వాడు రోజుకోసారి మన సామాన్లన్నింటికీ నకళ్లు తీసుకుని తన గదిలో దాచుకుంటాడు. మనం ఏదైనా పారేసుకుంటే పోయి వాణ్ని అడగాలి."

"ఇల్లు కూలితే?"

"ఇల్లు కూలితే వాడూ కూలతాడు. అందుకే ఇంకో ఇంట్లో ఇంకో నకలుండాలి. పెడతాను, ముందు ఇది కానివ్వండి."

"మరి వాడి గది నిండిపోదా?"

"మూడు నెలలు దాటిన నకళ్లను ఊడ్చేస్తాడు. రోజూ కొత్తవి తీస్తాడుగా, పాతవి పోయినా నష్టం లేదు. లేవగానే వాడు చేసే మొదటి పని ఊడవడమే. మీలాగా పేపరు పట్టుకుని కూర్చోడు."

ఇంకో ఇంట్లో నకలు పెట్టేలోపు ఆమెకు గొంతులో నొప్పి మొదలైంది.

అమ్మాయి ఫోన్ చేసింది వేసవి సెలవుల ముందు. దానికి కొడుకు పుట్టి నెల దాటింది. మధ్యాహ్నాలు వాడు పడుకోడు.

"నాన్నా, అమ్మ పాడే మేకపిల్ల పాట పంపించవూ. నేను రెండో చరణం దగ్గర ఆగిపోతున్నాను. వీడేమో తర్వాతేంటి అన్నట్టు నా మొహం చూస్తున్నాడు."

"ఎక్కడుంది?"

"పెట్టెలోనే. గొంతు ఆపరేషన్‌కి ముందు అన్నీ పాడి పెట్టింది కదా. పాట అనే ఫోల్డరు."

ఆపరేషన్‌కి ముందు నెలలో నా భార్య ఆఫీసు నుంచి వచ్చాక కూడా కొంతసేపు కారు దిగేది కాదు. అద్దాలు ఎక్కించుకుని కూర్చునేది. పెదవులు కదలడం కిటికీలోంచి నాకు కనిపించేది. ఎవరితోనో మాట్లాడుతోంది అనుకున్నాను. అడిగితే, "గొంతు ఉన్నప్పుడే పాడి పెట్టుకోవాలి మాస్టారూ," అంది. ఆపరేషన్ అయ్యాక ఆమె మాట్లాడలేదు. పలక మీద రాసేది. తర్వాత అదీ లేదు.

మేకపిల్ల పాట పుస్తకాల్లో ఉండేది కాదు. మొదటి చరణం నా భార్య వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది, రెండోది తనే కట్టింది. కాబట్టి ఇంకెవరినీ అడగడానికి లేదు. ఆ చరణం మా అమ్మాయి చిన్నప్పుడు రోజూ నా చెవిన పడింది. విన్నదీ నేర్చుకున్నదీ ఒకటి కాదని తరగతిలో చెబుతుంటాను. నాకు మొదటి పాదం కూడా సరిగ్గా రాలేదు.

పెట్టెలో వెతికాను. పాట అనే ఫోల్డరు లేదు. తొందరోడికి ఫోన్ చేశాను. ఫోల్డరు పేరు చెప్పాను.

"బావా. ఆ రోజు తీసేశామే, పాత అని. అది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. పి, ఏ, టి, ఏ."

"నువ్వు పాత అని చదివావు."

"అవును."

"నేను పాత అనే విన్నాను."

త రాయాల్సిన చోట ట రాసిన పిల్లల కాగితాల మీద నేను ఎర్ర సున్న చుడతాను. ఇంగ్లీషు అక్షరాలకు ఆ భేదం లేదు. పాత అని చదవాలనుకున్నవాడు పాత అనే చదువుతాడు. ఆమెకు తెలుగులో టైపు చేసే ఓపిక ఉండేది కాదు. నేను చాలాసార్లు చెప్పాను.

"అక్క ఫోన్‌లో ఉండవా?" అన్నాడు.

"అది కంపెనీ ఫోను. తిరిగి ఇచ్చేశాం. వాళ్లు తుడిచేసి ఇంకొకరికి ఇచ్చారు."

"అయితే అద్దెవాడే దిక్కు. వస్తున్నా."

వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా పీట లాక్కున్నాడు. "లేపేస్తున్నా బావా. వాడి గదిలో ఆ రోజు దాకా అన్నీ ఉండాలి."

"ఆగు."

"ఏం?"

"లేవగానే ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడు, లేచి కూర్చుంటాడు."

"లేవగానే మొదట ఊడుస్తాడంది మీ అక్క. మూడు నెలలు దాటినవి. వాడు పడుకుని ఎన్నాళ్లయింది?"

తొందరోడు మీటల మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ ఆదివారం తర్వాత మూడు నెలలు దాటి చాలా రోజులైంది. వాడి గదిలో ఇప్పుడున్నవన్నీ ఊడ్చేయాల్సినవే.

"అక్క అలా అందా?"

"అంది. పేపరు చదవడం గురించి నన్ను ఎత్తిపొడుస్తూ అంది. అందుకే గుర్తుంది."

"మంచిపని చేసింది," అన్నాడు. ఆ తర్వాత చెప్పులు విప్పాడు.

అతను బజారుకు వెళ్లి పెద్ద డిస్కు ఒకటి తెచ్చాడు. అద్దెవాణ్ని లేపకుండా, పడుకున్నవాణ్ని పడుకున్నట్టే దానిలోకి నకలు తీయాలన్నాడు. సాయంత్రం దాకా పట్టింది. తెర మీద ఒక నీలం గీత నిదానంగా పొడుగవుతోంది. ఇద్దరం చెప్పుల అర ముందు కూర్చున్నాం.

"నువ్వు చూస్తూ ఉంటే త్వరగా అవదు బావా."

"నువ్వు చూస్తుంటే అవుతుందా?"

"నేను ఆసుపత్రిలో రోజూ చూస్తా. నా చూపుకి అలవాటు పడ్డాయి."

"మీ అక్క నిన్ను కంపెనీలో చేర్పిస్తానంటే ఎందుకు వద్దన్నావు?"

"ఇంట్లో తిడితే చాలదా, ఆఫీసులో కూడా పడాలా?"

"అక్క బాగా తిట్టేది," అన్నాడు తెర వైపే చూస్తూ. నేను అవునన్నాను.

డిస్కు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. అతని బల్ల మీది కంప్యూటర్లోకి ఆ నకలుకు ఇంకో నకలు దించాడు. లోపలికి వెళ్లే రహస్యపు మాట వాళ్లక్క అతనికి ఎప్పుడో చెప్పి ఉంచింది. లేవగానే ఊడ్చే పనిని తను ఆపేస్తానని, అందుకు రెండు మీటలు చాలని అన్నాడు. అతని చెయ్యి అంత వేగమని నాకూ నమ్మకమే.

అద్దెవాడు లేచాడు. నల్లటి తెర మీద తెల్లటి వరసలు పైకి పాకాయి. తొందరోడు రెండో మీట నొక్కేలోపు వాడు తారీఖు చూసుకున్నాడు. ఊడ్చేశాడు. మేము గది తెరిచేసరికి గచ్చు మాత్రం ఉంది.

తొందరోడు కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూశాడు. అతని భార్య వంటింటి గుమ్మంలోంచి మమ్మల్నిద్దరినీ చూసి లోపలికి వెళ్లిపోయింది.

"ఇది నకలుకు నకలే," అన్నాడు చివరికి. "డిస్కులో వాడు పడుకునే ఉన్నాడు. మీ ఇంట్లో అసలువాడూ పడుకునే ఉన్నాడు."

"ఈసారి ఏం చేస్తావు?"

"నా చెయ్యి వాడికన్నా వేగం కాదని తేలిపోయింది. వాడికే అబద్ధం చెప్పాలి. ఇంకా ఆ ఆదివారమే అని చెబుతాను."

కొత్తగా మరో నకలు దించి, లేపకముందే దాని గడియారాన్ని వెనక్కి తిప్పాడు. బయట ప్రపంచంతో మాట్లాడి అసలు తారీఖు తెలుసుకోకుండా నెట్టు కూడా తీసేశాడు. పాటలు పోయిన ఆదివారం, పొద్దున. అప్పటికి నేను ఇంకా పత్రాల కట్ట విప్పి ఉండను. పెట్టె కూస్తూ ఉంటుంది.

అద్దెవాడు లేచాడు. తారీఖు చూసుకున్నాడు. తన లెక్కలో పాతబడ్డవి ఏవో కాసిని ఊడ్చి, ఊరుకున్నాడు.

తొందరోడు నెమ్మదిగా మీటలు నొక్కడం నేను మొదటిసారి చూశాను. ఒక్కో గది తెరిచి, లోపల చూసి, ఇంకోటి తెరిచాడు. పి, ఏ, టి, ఏ కనిపించింది. లోపల వరసగా ఫైళ్లు. వాటికి పేర్లు లేవు, తారీఖులే ఉన్నాయి.

"ఏది మేకపిల్ల?"

"నాకు తెలియదు. మొదటి నుంచి పెట్టు."

నాలుగోది అదే. ముందు కారు తలుపు వేసిన చప్పుడు, ఒక దగ్గు. తర్వాత గొంతు.

మేకపిల్లా మేకపిల్లా, పొద్దు వాలె రావే,
గట్టు మీది పచ్చగడ్డి రేపు కూడ ఉందే.

అక్కడ కొంచెం ఆగింది. నీళ్లు తాగిన చప్పుడు వినిపించింది.

దారి నాకు తెలుసులే, నువ్వు పడుకో పోవే,
తలుపు గడియ వెయ్యబోకు, ఎప్పుడొస్తనో ఏమో.

చివర ఆమె, "ఇంతే," అంది. ఫైలు అయిపోయింది.

తొందరోడు ఆ ఫోల్డరంతా వేరే చోటికి తీసుకున్నాడు. రెండుసార్లు సరిచూశాడు. అక్కడి నుంచే అమ్మాయికి పంపించాడు. అమ్మాయి ఫోన్ చేయలేదు. మర్నాడు పిల్లవాడు పడుకున్న ఫొటో మాత్రం పంపించింది. తర్వాత ఒక ముక్క రాసింది. "అమ్మ ఎప్పుడొస్తానో అంటుందనుకున్నా నాన్నా, ఎప్పుడొస్తనో అంటోంది. నాకు గుర్తున్న ఆ ఒక్క ముక్కా తప్పే ఇన్నాళ్లూ."

నేను పాటల్ని తిరిగి మా ఇంటి పెట్టెలో పెట్టాను. ఫోల్డరు పేరు తెలుగు అక్షరాల్లో, ట స్పష్టంగా కనిపించేలా, పాట అని మార్చాను. ఆ ఒక్క పని నాకు చేతనైంది.

అద్దెవాణ్ని మళ్లీ పనిలో పెట్టాలి. పెట్టాలంటే ముందు ఆ మూడు నెలల నియమం మార్చాలి. లేకపోతే లేవగానే ఊడ్చేస్తాడు. వాడి గదిలో పాటలు కాక ఇంకా చాలా ఉన్నాయి. ఆమె ఉన్న చివరి నెలల ఇల్లు, ఏ రోజుది ఆ రోజుగా ఉంది. ఆమె సగం రాసి తీసేసిన ఉత్తరాలు, నచ్చక పారేసిన ఫొటోలు కూడా అందులో ఉండవచ్చంటాడు తొందరోడు. నేను తెరిచి చూడలేదు.

తొందరోడు ఆదివారాలు వస్తున్నాడు. డిస్కును వాళ్లింట్లోనే ఉంచమన్నాను, ఉంచాడు. వచ్చినప్పుడల్లా పీట వేసుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, ఒకే మాట అడుగుతాడు.

"పాతవి ఎన్నాళ్లు ఉంచమంటావు బావా? ఆర్నెల్లా, ఏడాదా? అసలు ఊడవొద్దని కూడా రాయొచ్చు. కాకపోతే పెట్టె మళ్లీ నిండుతుంది, మళ్లీ కూస్తుంది. నువ్వొక మాట చెబితే నిమిషం పని."

వచ్చే వారం చెబుతానంటాను. అతను కాఫీ పెడతాడు.

ఆ ఆదివారం నుంచి మా ఇంట్లో కొత్తగా చేరిన దేనికీ నకలు లేదు. మనవడి ఫొటోలకు కూడా లేదు. అద్దెవాడు పడుకునే ఉన్నాడు. పాతవి ఎన్నాళ్లు ఉంచాలో నేనింకా చెప్పలేదు.