వాడుకలో లేని చోటు

మా బార్‌ఫోర్డ్ కౌంటీ చరిత్ర తెలుసుకోవాలంటే పెగ్రామ్ గారి పుస్తకం కొనుక్కోవాలి. నాలుగు వందల పేజీలు, అట్ట మీద కోర్టు బొమ్మ. ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ పడవ దిగినవాళ్ళ పేర్లన్నీ మొదటి అధ్యాయంలో ఉంటాయి. వాళ్ళతో ఎన్ని పందులు దిగాయో కూడా ఉంటుంది. మా వాళ్ళు, అంటే బానిసలుగా అమ్ముడై వచ్చిన నల్లవాళ్ళు, మూడో అధ్యాయంలో వస్తారు, పేర్లు లేకుండా. పొగాకు పంట పెరిగింది కాబట్టి "పనివాళ్ళను తెప్పించారు" అని రాశాడాయన. తెప్పించారట! విందుకు వంటవాళ్ళను తెప్పించినట్టు.

తర్వాత బానిసత్వం గురించి జరిగిన యుద్ధం వస్తుంది. అందులో కోర్టు తగలబడింది, దాంతోపాటు కాగితాలూ కాలాయి. ఇబ్బందిపెట్టే ప్రశ్న ఏది అడిగినా ఈ కౌంటీలో ఒకటే జవాబు, "కాలిపోయింది కదమ్మా" అని. తొమ్మిదో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: "ఆ రోజుల్లో బడులకు కొంత అంతరాయం కలిగింది." నా చిన్నతనం సంగతది, తెల్లపిల్లల పక్కన మమ్మల్ని కూర్చోబెట్టడం ఇష్టంలేక బడులకు తాళాలు వేశారు. ఆ కొంత అంతరాయంలో నాకు ఆరేళ్ళు పోయి ఎనిమిదేళ్ళొచ్చాయి. నాకు అక్షరాలు నేర్పింది మా అమ్మ, చర్చి నేలమాళిగలో.

అలా చదువుకున్నదాన్నే ఆ కోర్టు దస్తావేజుల గదిలో ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను. ఆ గదిలో ఉద్యోగం దొరికిన మొదటి నల్లమనిషిని నేనే. కాగితం మీద ఉన్నదే నిజం, లేనిది లేదు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పీ చెప్పీ చివరికి నేనూ నమ్మేశాను. ఈ కథంతా ఆ నమ్మకం చేసిన నిర్వాకం.

హాథోర్న్ తోట అమ్ముడుపోయిందన్న కబురుతో మొదలైంది. ఒకప్పుడు అక్కడ పొగాకు, తర్వాత మొక్కజొన్న, ఆ తర్వాత ఊరికే పడున్న బీడు. ఇప్పుడేదో కంపెనీ కిటికీల్లేని పెద్ద పెద్ద కంప్యూటర్ల గోదాములు కడుతుందట. ఆ తోట వెనక, వాగు పక్కన మా వాళ్ళ సమాధులున్నాయి. రాళ్ళ మీద అక్షరాలుండవు, అక్షరాలు నేర్చుకోవడమే నేరమైన కాలంలో పాతిన రాళ్ళు అవి. ఎవరినైనా పూడ్చినప్పుడు మా వాళ్ళు నేల మీద పాకే నీలిపూల తీగ నాటేవాళ్ళు. మంచులో కూడా అది పచ్చగానే ఉంటుంది. అడవిలో ఆ తీగ కనిపిస్తే అక్కడ మనవాళ్ళున్నారని అర్థం. కంపెనీ మనుషులు వచ్చి చూసి, "పిచ్చితీగ, పొలం గట్టు రాళ్ళు" అని రాసుకుని వెళ్ళారు.

మా అన్న లెమ్యూల్ అక్కడే ఉన్నాడు. నేను పుట్టకముందే పోయాడు, ఎనిమిది నెలల పసివాడు. వాడి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు అమ్మ అట్టే పెట్టుకుంది. తొంభై నాలుగేళ్ళ మా అమ్మ జెల్ఫాకు ఆస్తిపాస్తులేమీ లేవు, ఉన్న కోరికల్లా ఆ చోటు.

"ఏమే, ఆ గోదాముల వాళ్ళు నా చోటు కూడా కొనేశారా?" అని అడిగింది, నేను మొక్కజొన్న రొట్టె విరిచి పాలలో వేసి పెడుతుంటే.

"లేదమ్మా. నేను చూసుకుంటాను."

"ఏం చూస్తావ్? ముప్ఫై ఏళ్ళు వాళ్ళ కాగితాలకు దుమ్ము దులిపావు. ఒక్క కాగితం మనకోసం పట్టుకురా చూద్దాం."

పౌరుషం పొడుచుకొచ్చి మళ్ళీ ఆ గదికి వెళ్ళాను. నేను పని నేర్పిన కార్లీన్ ఇప్పుడక్కడ గుమాస్తా. పాత అభిమానంతో అన్ని బీరువాలూ తెరిచిపెట్టింది. పదకొండో రోజున దొరికింది. అది పాదిరీ ఇంట్లో ఉండడంవల్ల మంటల్లోంచి బతికి బయటపడ్డ పాత చర్చి పుస్తకం.

తెల్ల దొరల కాలంలో ఇక్కడ హద్దు నడక అని ఒక ఆచారం ఉండేది. నాలుగేళ్ళకోసారి ఇరుగుపొరుగు ఆసాములంతా కలిసి ఒకరి పొలం చుట్టూ ఒకరు నడిచి, హద్దు చెట్లకు గొడ్డలితో కొత్త గాట్లు పెట్టేవాళ్ళు. మూడు నడకల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ హద్దు ఇక శాశ్వతం, దాన్ని దేవుడొచ్చినా కదపలేడు. 1743లో హాథోర్న్ పొలం చుట్టూ నడిచినవాళ్ళు రాసుకున్నారు: "వాగు నుంచి నీగ్రోల సమాధుల మూలనున్న గాటు ఓక్ చెట్టు దాకా. అభ్యంతరం చెప్పినవారు లేరు." కింద సంతకం, నథానియల్ పెగ్రామ్.

ఆ కాగితం నకలు తీసుకుని నేరుగా చరిత్రకారుడి ఇంటికి పోయాను. పెగ్రామ్ గారు పూర్వం హైస్కూలు హెడ్‌మాస్టరు. చెడ్డవాడు కాదు. మంచివాడన్న నమ్మకం మాత్రం ఆయనకు నాకంటే చాలా ఎక్కువ. పుస్తకం అచ్చుకు వెళ్ళడానికి ఇంకా నెల ఉంది.

"ఆర్డీలియా! ఇది మా నథానియల్ తాత చేతి రాత!" అని కుర్చీలోంచి లేచాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆయన పక్కన మా తాతలు కూడా ఉన్నారు పెగ్రామ్ గారూ. కాకపోతే కాస్త కింద, మట్టిలో."

నవ్వాడు. వెంటనే చారిత్రక స్థలంగా గుర్తించమనే దరఖాస్తు తెప్పించి తానే నింపాడు. మూడో పేజీలో ఆగాడు. "ప్రస్తుతం వాడుకలో ఉందా అని అడుగుతున్నారు. లేదు అని పెట్టెయ్."

"అమ్మ అక్కడే..."

"తెలుసు. కానీ ఉంది అంటే ఆరోగ్యశాఖ తనిఖీ, దారి హక్కు, ఇంకో ఏడాది. బుల్డోజర్లు మే నెలలో వస్తున్నాయి. ముందు చోటు నిలబెట్టుకుందాం, మిగతావి తర్వాత సర్దుకోవచ్చు."

నిజానికి మాట సబబుగానే ఉంది. ఆ రోజు నా కళ్ళకు బుల్డోజర్లు తప్ప మరేమీ కనిపించలేదు. చివరి ఖననం ఎప్పుడని రాసేచోట 1951 అని చెప్పాను. పేరు కూడా చెప్పాను, లెమ్యూల్ అని. జనన పత్రం ఉందా అని అడిగాడు. నల్లపిల్లలను మంత్రసాని పుట్టించిన రోజులవి, పత్రం ఎక్కడిది? "అయితే పేరు వెయ్యలేం. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు," అన్నాడు. తెలుసు. ఆ ముక్కే ఎందరి మొహాన కొట్టానో! 'వాడుకలో లేదు' అన్న గడిలో గుర్తు పెట్టి కింద సంతకం చేశాను. నా సంతకం చాలా అందంగా ఉంటుంది.

కౌంటీ సభ ఒప్పుకుంది. కంపెనీ ఆ అరెకరం వదిలేసి చుట్టూ ఇనపకంచె వేస్తానంది. పరుగున ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"లెమ్యూల్ పక్కనే కదూ?" అంది.

"పక్కనే."

"అయితే దుమ్ము దులిపింది వృథా పోలేదు," అని నా చెయ్యి నొక్కింది. ఆ పూట ఉప్పుచేప వేయించమని అడిగి రెండు ముక్కలు తినేసింది.

ఫిబ్రవరిలో పోయింది, కుర్చీలో కూర్చునే. అదే ఉదయం ఖననానికి అనుమతి కోసం కోర్టుకు వెళ్ళాను. ఫైలు తీసిన కార్లీన్ తల ఎత్తలేదు.

"మిస్ ఆర్డీలియా, అక్కడ కుదరదండీ. వాడుకలో లేని చారిత్రక స్థలమని నమోదైంది. కొత్తగా మట్టి తవ్వకూడదు."

"ఎవరన్నారు వాడుకలో లేదని?"

కాగితం నావైపు తిప్పింది. నా సంతకమే.

"మార్చడానికి లేదా కార్లీన్?"

"అభ్యంతరాలుంటే చెప్పమని పత్రికలో మూడు వారాలు ప్రకటన వేశామండీ. ఎవరూ రాలేదు. గడువు దాటిపోయింది. ఇక మారదు," అంది. ఏడుస్తోంది పాపం. "మీరైనా చూసి ఉంటారనుకున్నాను."

చూశాను. మూడు వారాలూ చూశాను. మన చోటు పేపర్లో పడిందని కత్తిరించి అమ్మ మంచం పక్కన గోడకు అంటించాను కూడా. ఆ ముక్కలు ఇంకా అక్కడే ఉన్నాయి, పీకడానికి చేతులు రావడం లేదు.

అమ్మను తొమ్మిది మైళ్ళ అవతల చర్చి స్థలంలో పెట్టాం. అటుపక్క ఎవరో తెలియని మనిషి, ఇటుపక్క ఖాళీ. పాదిరీ చక్కగా మాట్లాడాడు. నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు.

మే నెలలో పెగ్రామ్ గారి పుస్తకం విడుదలైంది. నూట పన్నెండో పేజీలో హద్దు నడక, నథానియల్ సంతకం రెండూ పెద్దగా అచ్చువేశారు. నాకొక ప్రతి పంపాడు, "మన విజయానికి" అని రాసి.

మొన్న ఆ నీలిపూల తీగ మొక్క ఒకటి తెచ్చుకుందామని చిన్న గునపం పట్టుకుని హాథోర్న్ తోటకు వెళ్ళాను. అమ్మ మీద పచ్చగా ఏదో ఒకటి ఉండాలి కదా. గోదాములు లేస్తున్నాయి. కంచె తలుపు దగ్గర పలక పెట్టారు: చివరి ఖననం 1951, పసిబిడ్డ, పేరు తెలియదు. దాని పక్కన గుడిసెలో కాపలావాడు, ఎక్కడో దూరం నుంచి ఉద్యోగానికి వచ్చిన కుర్రమనిషి. గునపం చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మగారూ, లోపల ఏదీ పెకిలించకూడదండీ. ఆకు కూడా. చారిత్రక స్థలం." తర్వాత మొహమాటపడి, మెల్లగా అడిగాడు, "మీవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?"

"మా అన్న ఉన్నాడు. వాడి పేరు లెమ్యూల్," అన్నాను. "ఇంకొకరు కూడా ఉండాల్సింది. నేనే రానివ్వలేదు."