ఎంగిలి సూది

నాకు నోరు ఎక్కువ. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ఇరవై ఏళ్లుగా బట్టలు కుట్టి బతుకుతున్నాను. కత్తెరకంటే నా నాలుకే పదునని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆ నోటితోనే ఒకసారి మందుల షాపాయన పరువు తీశాను. ఇవాళ అదే నోటితో ఆయన నిండు నూరేళ్లు చల్లగా ఉండాలంటున్నాను.

మా తమ్ముడు సూదితో మత్తుమందు ఎక్కించుకుంటాడు. ఈ మాట పైకి అనడానికే నాకు రెండేళ్లు పట్టింది. ఒకప్పుడు షాపుల బోర్డులు రాసేవాడు, వాడు గీస్తే అక్షరం ముత్యంలా ఉండేది.

ఒకరోజు దుప్పటి మారుస్తుంటే వాడి దిండు కింద కాగితం సంచీ, అందులో పది కొత్త సిరంజిలు. సంచీ మీద మా సందు చివరి మందుల షాపు ముద్ర. అగ్గి మీద గుగ్గిలమైపోయాను. మెడలో కొలతల టేపు కూడా తియ్యకుండా వెళ్లాను.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఉరేసుకునేవాడికి తాడు అందిస్తావా? నీకు తోడబుట్టినవాళ్లు లేరూ?"

దగ్గు మందుకోసం వచ్చినవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కూర్చోండమ్మా. నేనివ్వకపోతే మానేస్తాడా? ఇంకొకడిది తీసుకుని పొడుచుకుంటాడు. మానే రోజు వచ్చేదాకా రోగం అంటుకోకుండా ఉండాలి కదా."

"మీ నీతులు మీ దగ్గరే పెట్టుకోండి!"

ఇంటికొచ్చి ఆ సంచీని మిషను సొరుగులో పడేశాను. నా కత్తెర, నా సంపాదన ఉండే సొరుగు అది. తమ్ముడు గడప తొక్కితే చాలు, నా చెయ్యి దానంతటదే తాళం తిప్పేది. తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకునేదాన్ని. సూదే లేకపోతే ఏం పొడుచుకుంటాడు, గాడిద గుడ్డు! నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం వాడొచ్చి మిషను పక్కన కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, తిట్టకే. పొద్దున ఒకడి సూది వాడాను. అంతా అయ్యాక చెప్పాడు, వాడికి హెచ్ఐవీ ఉందట."

తొక్కుతున్న కాలు ఆగిపోయింది. మొద్దు సూది గుడ్డని పాడుచేస్తుందని బట్ట బట్టకీ సూది మార్చేదాన్ని. సొంత తమ్ముణ్ణి ఎంగిలి సూది పాలు చేశాను. శుభ్రమైనవి పది, నా మోకాలి పక్కనే తాళంలో ఉన్నాయి.

వాడి మణికట్టు పట్టుకుని సందు చివరికి పరుగెత్తాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అని ఆలోచించే తీరిక కూడా లేదు.

"నే చెప్పలేదా" అనలేదాయన. నేనైతే నాలుగుసార్లు అనేదాన్ని. తమ్ముణ్ణి తెర వెనక స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఎప్పుడు జరిగింది నాన్నా?"

"పొద్దున ఎనిమిదింటికి."

"వెంటనే చెప్పావు, మంచిపని చేశావు. రోగం అంటకుండా ఆపే మందుంది, మూడు రోజుల్లోపు మొదలుపెట్టాలి. ఎంత తొందరైతే అంత మేలు."

ఆసుపత్రికి తనే ఫోను చేసి, చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. అప్పుడే కౌంటరు కింద పసుపు డబ్బా కనబడింది. వాడేసిన సిరంజిలు అందులో వేయించుకుంటాడట. నా మిషను కిందా ఒక పాత పాలడబ్బా ఉంది. విరిగిన సూదులు ఎవరి కాల్లోనూ గుచ్చుకోకుండా అందులో వేస్తాను. ఈయనా నాలాంటి పనివాడే అనిపించింది.

ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు నా కళ్లెదుటే మింగించాను.

"నువ్వు అక్కవా, జైలరువా?" అని విసుక్కున్నాడు.

"రెండూనురా, మింగు."

మత్తు మాత్రం మానలేదు. అందుకే సొరుగులోని సంచీ నేనే తీసి వాడికిచ్చాను. ఇస్తూ ఏడ్చాను. అవి అయిపోతే షాపాయన దగ్గర తెచ్చుకునేవాడు.

"ఆయన్ని అడగడానికి సిగ్గనిపించదురా?" అన్నాను ఒకరోజు.

"ఆయన ముందు 'తిన్నావా' అంటాడక్కా. సూదుల సంగతి తర్వాతే. నన్ను చూసి తాళం వెయ్యని మనిషి ఆయనొక్కడే."

వాడు నన్ను దెప్పడానికి అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

మూడు నెలలకి ఆఖరి పరీక్ష. కాగితం చదివే ధైర్యం లేక షాపాయనకే ఇచ్చాం. రెండుసార్లు చదివాడు.

"ఏమీ లేదమ్మా. రోగం అంటలేదు."

పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

"నా తమ్ముణ్ణి నాకు మిగిల్చావు అన్నయ్యా!"

"ఊరుకోండమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. తిట్టినప్పుడు చూడలేదూ?"

ఇంటికొచ్చాక మెడలోని తాళంచెవి తీసి తమ్ముడి అరచేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెందుకక్కా?"

"సొరుగులో కత్తెరుంది, తీసివ్వు. అది సరే గానీ, తిన్నావా?"